మడత మంచానికి గంటంపావు వీడియో

మడత మంచంతో వచ్చే చిక్కేమిటంటే, దాన్ని విప్పడం ఒకసారి చూసినవాడికి చిటికెలో పని, చూడనివాడికి పెద్ద పరీక్ష. తలవైపు కాళ్లు ముందు నిలబెట్టాలి. ఆ తర్వాత రెండో కొస పట్టుకుని లాగాలి. టక్కుమని కొక్కెం పడుతుంది, ఇక హాయిగా పడుకోవచ్చు. కానీ కొత్తగా కొన్న ప్రతివాడూ ముందు కాళ్లవైపే లాగుతాడు. ఎందుకలా లాగుతాడో ఆ దేవుడికే తెలియాలి. అలా లాగగానే మంచం నడుం దగ్గర మడుచుకుపోయి, బిగుసుకుని, ఆ తర్వాత ఎవరి మాటా వినదు.

అందుకే విజయనగరం శివార్లలో ఉన్న ఉత్తమ గృహోపకరణాల సహకార సమాఖ్య నుంచి వెళ్లిన మంచాలు వెళ్లినట్టే తిరిగొస్తుండేవి. "మంచం అడిగితే చెక్కపెట్టె పంపారు, మూత ఎటువైపుందో కూడా చెప్పలేదు" అని ఒకాయన రాశాడు. "మా మామగారు రెండు రోజులుగా దీని మీద కూర్చునే నిద్రపోతున్నారు" అని ఇంకొకావిడ రాసింది. ఈ ఉత్తరాలన్నీ చేరేది మంచాల సెక్షన్ మేనేజరు హైమవతి బల్ల మీదికి.

మంచంతోపాటు ఒక సూచనల కాగితం వెళ్లేది. కాకపోతే దాన్ని రాసింది మేనేజింగ్ డైరెక్టరు మృత్యుంజయరావు గారు స్వయంగా. "శిరోభాగస్థిత పాదద్వయమును ప్రప్రథమముగా నిలువరించి, తదనంతరము పాదభాగమును మృదువుగా ఆకర్షించవలెను" అని మొదలవుతుంది అది. ఒక కొనుగోలుదారు దాన్ని స్తోత్రం అనుకుని పూజగదిలో పెట్టుకున్నాడని కూడా వినికిడి. ఆ మాట ఎండీ గారి చెవిన పడితే ఆయన సంతోషించారు.

వానాకాలం మొదట్లో ఎండీ గారి దగ్గర్నుంచి ఉత్తర్వు వచ్చింది. దసరా నాటికి తిరిగొచ్చే మంచాలు అమ్మినవాటిలో నూటికి పది మించితే సదరు సెక్షన్ మూసివేయబడును, సదరు సెక్షన్ వడ్రంగులు తమ తమ ఇళ్లకు పంపబడుదురు అని దాని సారాంశం. హైమవతి పర్మనెంటు ఉద్యోగి. ఆమెకు ఇంకో కుర్చీ, ఇంకో ఫ్యాను ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. షెడ్డులో పనిచేసే వడ్రంగులకు మాత్రం ఆ షెడ్డు తప్ప వేరే గతి లేదు. వాళ్ల పెద్ద సింహాద్రి మేస్త్రి. ఆ మంచం ఆయన ఊహలోంచి పుట్టిందే. టేకు చట్రం, నూలు నవారు, మడిస్తే తలుపు వెనక పట్టేటంత సన్నం. ఆరేళ్లుగా ఆ షెడ్డులో చెక్క వాసన పీలుస్తూ పనిచేసిన హైమవతికి ఆ మంచమంటే ప్రేమ, ఆ మనుషులంటే అంతకంటే ప్రేమ. ఉత్తర్వు చదివాక ఆమెకు అన్నం సయించలేదు.

ఆమెకు ఒక సంగతి తెలుసు. ఇంట్లో అత్తగారికి ఒకసారి విప్పి చూపిస్తే, ఆవిడ మర్నాటి నుంచి ఒంటి చేత్తో విప్పేసి దాని మీద వడియాలు ఎండబెట్టుకుంటోంది. చూపిస్తే చాలు. కాబట్టి కొనేవాళ్లందరికీ ఒకసారి చూపించాలి. సమాఖ్యకి వెబ్‌సైటు ఎలాగూ ఉంది. అందులో ఒక వీడియో పెడితే సరిపోతుందని ఆమెకు తోచింది.

ఆ సాయంత్రమే షెడ్డు వరండాలో సింహాద్రి మంచం విప్పుతుంటే హైమవతి తన సెల్‌ఫోన్లో తీసింది. అర నిమిషం పట్టింది. అందులోనూ కొంతసేపు ఆయన కండువా సర్దుకోవడానికే పోయింది.

"ఏటమ్మా, ఇంతేనా?" అన్నాడు మేస్త్రి.

"ఇంతే మేస్త్రీ. రేపు సైటులో పెట్టేస్తే మన కష్టాలు తీరినట్టే."

ఆరేళ్లుగా సమాఖ్యలో పనిచేస్తూ కూడా ఆమె ఆ మాట ఎలా అనగలిగిందో తెలీదు.

మర్నాడు మృత్యుంజయరావు గారు ఆ అర నిమిషాన్ని రెండుసార్లు చూశారు. కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"హైమవతి గారూ, ఇది వీడియో."

"అవును సార్."

"మన వెబ్‌సైటునందు ఇంతవరకు వీడియో లేదు. వీడియో ఉండవలెనా, ఉండకూడదా అన్నది విధానపరమైన నిర్ణయం. విధానపరమైన నిర్ణయం పాలకవర్గం పరిధిలోనిది. పాలకవర్గం నిర్ణయించేదాకా ఈ వస్తువు మీ ఫోనులో ఉండడం కూడా ముందస్తు నిర్ణయం కిందకే వస్తుంది." ఆయన ఎదుటే ఆమె చేత దాన్ని తుడిపించేశారు.

పాలకవర్గం సమావేశమైంది. చైర్మన్ కన్నంనాయుడు గారు మంచి మనిషి, రెండు రైసుమిల్లుల యజమాని, ఎవరినీ నొప్పించే రకం కాదు. వెబ్‌సైటులో వీడియో పెట్టడమా మానడమా అన్న చర్చ ఉప్మాతో మొదలై భోజనాల దాకా సాగింది. మంచం ఎలా విప్పాలో చూపిస్తే ఎలా చెయ్యాలో కూడా తెలిసిపోయి, అందరూ ఇళ్లల్లోనే చేసుకుంటారని ఒక డైరెక్టరు భయపడ్డాడు. తమ అల్లుడి ఫ్యాన్సీ షాపుకి కూడా వీడియో ఉందనీ, అది లేకుండా పెళ్లిళ్లలో తలెత్తుకోలేకపోతున్నాననీ మరొక డైరెక్టరు వాపోయాడు. ఇంకొకాయన, వీడియో ఉంటే సైటు బరువెక్కి కిందకి జారిపోదా అని అడిగాడు. ఆ అనుమానం నివృత్తి చేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

చివరికి ఎండీ గారు ఒక నివేదిక తీశారు. వీడియో ఉన్న వెబ్‌సైటులో జనం ఎక్కువసేపు ఉంటారని నిపుణుల అభిప్రాయమట.

"అంటే అర నిమిషం వీడియో పెడితే?" అన్నారు చైర్మన్ గారు.

"అర నిమిషం ఉంటారండి."

"అదే గంట పెడితే?"

"గంట ఉంటారండి."

సభలో చప్పట్లు మోగాయి. అర నిమిషం కోసం ఇంతమంది పెద్దలు కూర్చోవడం ఏమిటని అందరికీ ఒకేసారి అనిపించింది. వీడియో పెట్టాలనీ, అది సమాఖ్య గౌరవానికి తగినంత పొడవుండాలనీ ఏకగ్రీవంగా తీర్మానించారు.

మూలన కూర్చున్న హైమవతి లేచి నిలబడింది. "ఎంత పొడవైనా ఫరవాలేదు సార్. మొదట్లో మాత్రం సింహాద్రి మేస్త్రి మంచం విప్పేది పెట్టనివ్వండి. అది చూపించడానికే కదా..."

"అక్కడే ఉంది ఇబ్బంది" అన్నారు ఎండీ గారు.

ఆ ఇబ్బందికి ఒక చరిత్ర ఉంది. కిందటేడు గోడౌన్ ప్రారంభోత్సవాన్ని కేబుల్ టీవీ వాళ్లు చూపించారు. గేటు తీసే వాచ్‌మన్‌ని మొదట్నుంచి చివరిదాకా చూపించి, చైర్మన్ గారిని వీపు వరకే చూపించారు. నాయుడు గారు పట్టించుకోలేదు గానీ ఆయన తరఫున ఎండీ గారు బాధపడ్డారు. ఆ బాధలోంచి హోదాక్రమ నిబంధన పుట్టింది. సమాఖ్య తరఫున వెలువడు ఏ కదిలే చిత్రమందైనను పై హోదావారు కనిపించుటకు ముందు కింది హోదావారు కనిపించరాదు.

"మనిషి కనపడడు సార్, చేతులే కనపడతాయి" అంది హైమవతి.

అందరూ న్యాయ సలహాదారు భైరవమూర్తి గారి వైపు చూశారు. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, పైకప్పు వైపు చూస్తూ సెలవిచ్చారు. "చెయ్యి అనునది వ్యక్తి నుండి విడదీయరాని భాగము. ఆ చేతితోనే హాజరుపట్టీలో సంతకం చేస్తున్నాడు. కావున చేతికి హోదా కలదు. అది సదరు వ్యక్తి హోదాయే."

"తొడుగు వేసుకుంటే?"

"మారువేషం."

"పోనీ చేతులే కనపడకుండా దారం కట్టి లాగుదాం సార్. మంచం దానంతట అదే విప్పుకున్నట్టుంటుంది."

భైరవమూర్తి గారు మొదటిసారి ఆమె వైపు గౌరవంగా చూశారు. తర్వాత నెమ్మదిగా అడిగారు, "దారం అవతలి కొస ఎవరి చేతిలో ఉంటుందమ్మా?"

"మేస్త్రి చేతిలో."

"మరి!" అన్నారాయన.

కన్నంనాయుడు గారికి జాలేసింది. "ఇంత గొడవెందుకు, నేనే ఇప్పుతాను. మంచం ఇప్పడానికేటి" అన్నారు. అందరూ మళ్లీ చప్పట్లు కొట్టారు. చైర్మన్ గారి చేత్తో మంచం విప్పించడం సమాఖ్య చరిత్రలో మొదటిసారి అవుతుందని ఎండీ గారు గుర్తు చేశారు. ఆయనింట్లో మంచాలు ఎప్పుడూ విప్పేసే ఉంటాయన్న సంగతి అప్పుడెవరికీ స్ఫురించలేదు.

వీడియో తీసే పని డిల్లేశుకి అప్పగించారు. ఊళ్లో పెళ్లిళ్లకి పేరున్న కెమెరామన్ అతనే. షూటింగు రోజు షామియానా, మామిడి తోరణాలు, దీపపు సెమ్మె చూసి అతనికి ప్రాణం లేచొచ్చింది. అలవాటుకొద్దీ "పిల్ల తరపోళ్లు ఎటేపండీ?" అని అడిగాడు. పిల్ల లేదు, మంచం ఒక్కటే అని చెబితే కొంచెం నిరుత్సాహపడ్డాడు.

ప్రార్థన అయింది. జ్యోతి ప్రజ్వలన అయింది. హోదా క్రమంలో అందరికీ శాలువాలు కప్పారు. మంచానికి కూడా ఒకటి కప్పారు. చైర్మన్ గారు లేచి, పంచె సవరించుకుని, కెమెరాకి నమస్కారం పెట్టి, మంచాన్ని కాళ్లవైపు నుంచి పట్టుకుని ఒక్క లాగు లాగారు.

మంచం బిగుసుకుపోయింది.

"బాబూ, తలేపు ఒట్టుకోండి. తలేపు!" అన్నాడు షామియానా పక్కనుంచి సింహాద్రి.

"ష్!" అని ఎండీ గారు కంగారుగా చెయ్యి ఊపారు. "ధ్వని రూపేణా హోదా ఉల్లంఘన జరుగుతోంది!"

సింహాద్రి నోటికి కండువా అడ్డం పెట్టుకున్నాడు. చైర్మన్ గారు ఇంకో లాగు లాగారు. ఈసారి ఆయన చూపుడువేలు చట్రం మధ్యలోకి పోయింది. హైమవతి పరిగెత్తి వెళ్లింది గానీ కెమెరా తిరుగుతోందని భైరవమూర్తి గారు ఆమెను మధ్యలోనే ఆపారు. ఆమె హోదాకి ఆ క్షణానికి ఇంకా వంతు రాలేదు. చివరికి కెమెరా ఆపి, వేలు తీసి, కట్టు కట్టి, అందరూ ఒక నిర్ణయానికొచ్చారు. మడిచి ఉన్న మంచం పక్కన చైర్మన్ గారు నిలబడతారు. గులాబీ రేకులు కురుస్తాయి. రేకులు ఆగేసరికి విప్పి ఉన్న మంచం పక్కన ఆయనే చిరునవ్వుతో ఉంటారు. మధ్యలో జరిగేది, అంటే సింహాద్రి వచ్చి విప్పేది, కెమెరా చూడదు.

"సార్, అన్నీ ఉన్నాయి. విప్పడం ఒక్కటే లేదు" అంది హైమవతి ఉండబట్టలేక.

"విప్పిన ఫలితం ఉంది గదా!" అన్నారు ఎండీ గారు. "ప్రజలకు కావలసినది ఫలితం."

ఆ రాత్రి ఆమె చాలాసేపు ఏడ్చింది. తర్వాత గులాబీ రేకులు గుర్తొచ్చి నవ్వింది.

వీడియో తయారై వచ్చేసరికి గంటంపావు అయింది. చైర్మన్ గారున్నాక వైస్ చైర్మన్ గారు ఉండకపోతే బాగుండదు. ఆయనుంటే డైరెక్టర్లు ఊరుకోరు. పాత చైర్మన్ల పటాలకు దండలు వేసి చూపించారు. బ్రాంచి మేనేజర్లు తమ తమ బ్రాంచీల ప్రగతిని వివరించారు. ఒకాయన ప్రగతి లేకపోతే తమ ఊరి చరిత్ర చెప్పాడు. గులాబీ రేకులు గంట దాటాక కురిశాయి. అన్నిటికంటే చివర, వాచ్‌మన్ తర్వాత, సింహాద్రి మేస్త్రి మంచం భుజాన వేసుకుని వెళ్లిపోతూ వీపు వరకు కనిపించాడు.

వీడియోని ముందుకు జరపడం కుదరకుండా ఏర్పాటు చేయించారు ఎండీ గారు. పెద్దలు మాట్లాడుతుంటే మధ్యలో లేచిపోవడం లాంటిదట అది. ఆర్డరు ఇచ్చే బొత్తాం కూడా వీడియో పూర్తిగా అయ్యాకే కనపడుతుంది. ఫోనులో ఆర్డర్లు తీసుకోవడం ఆపించేశారు. అలా తీసుకుంటే వీడియో చూడనివాళ్లు కూడా మంచం కొనే ప్రమాదం ఉంది.

వీడియో పెట్టిన తర్వాత సెక్షన్లో ఉత్తరాలు ఆగిపోయాయి. ఒక మధ్యాహ్నం మాత్రం ఫోను మోగింది.

"అమ్మా, నా పేరు నీలవేణి. ఎలమంచిలి నుంచి మాటాడతన్నాను. మీ సైటు తెరిస్తే ఎవులో దీపం ఎలిగిస్తన్నారు. మంచం ఎప్పుడొస్తాదమ్మా?"

"ఇంకా గంట ఆగాలమ్మా" అంది హైమవతి. సిగ్గుతో ఆమె ముఖం కందిపోయింది.

"మా ఆయన లారీ డ్రైవరు. నడుం పట్టేసింది. గట్టి మంచం మీద పడుకోబెట్టమన్నారు డాక్టరుగారు. మాది ఒంటి గది ఇల్లు, పగలు మడిచి ఒక పక్కన పెట్టుకోవాల. అందుకే మీ మంచం మీద మనసుపడ్డాను. నిన్న మొత్తం కూకుని చూస్తంటే, కట్టు కట్టిన ఏలున్న పెద్దాయన దగ్గరికొచ్చేసరికి నెట్టు అయిపోనాది. మళ్లీ మొదట్నుంచీ చూడాలేటి?"

"చూడాలమ్మా."

"సర్లెండి. చూస్తాను. ఆయన నడుం కోసం ఏదైనా చూస్తాను" అని ఫోను పెట్టేసింది నీలవేణి.

దసరా ముందు రోజు సమీక్షా సమావేశం జరిగింది. షెడ్డులో వడ్రంగులు ఉలులు కింద పెట్టి, హైమవతి తెచ్చే కబురు కోసం కూర్చుని ఉన్నారు.

మృత్యుంజయరావు గారు లేచి గొంతు సవరించుకున్నారు. "వీడియో ప్రతిష్ఠాపన తదుపరి తిరిగివచ్చిన మంచముల సంఖ్య" అని ఆగి, సభనంతా ఒకసారి కలయజూసి, "సున్న!" అన్నారు.

సభ దద్దరిల్లింది. వైస్ చైర్మన్ గారు లేచి ఎండీ గారిని కౌగలించుకున్నారు. తన ప్రసంగంలో ఏ వాక్యం వల్ల ఇంత మార్పు వచ్చి ఉంటుందా అని ప్రతి డైరెక్టరూ లోలోపల ఆలోచించుకున్నాడు. కన్నంనాయుడు గారు కట్టు విప్పిన వేలుని ప్రేమగా చూసుకున్నారు.

హైమవతికి ఊరుకుంటే పోయేదని తెలుసు. ఊరుకుంటే షెడ్డు నిలుస్తుంది, సింహాద్రి నిలుస్తాడు. కానీ నీలవేణి గొంతు ఆమె చెవుల్లోంచి పోలేదు. లేచింది.

"సార్, అమ్మకాలు కూడా సున్నే. ఒక్క మంచం కూడా అమ్ముడుపోలేదు. అందుకే తిరిగి రాలేదు."

తల తెగిపడినా ఫరవాలేదనుకుని నిలబడింది ఆమె. అందరూ భైరవమూర్తి గారి వైపు తిరిగారు.

"ఉత్తర్వునందు తిరిగివచ్చు మంచముల ప్రస్తావన కలదు. అమ్మకములు ఇన్ని ఉండవలెనన్న ప్రస్తావన లేదు" అన్నారాయన పైకప్పు చూస్తూ. "పైగా సున్నలో నూటికి పది వంతులు ఎంత? సున్న. సున్న సున్నను మించలేదు. నిబంధన అక్షరాలా పాటించబడినది."

"అంతే కాదు" అని ఎండీ గారు అందుకున్నారు. "ఈ రోజున మన సమాఖ్యకు అసంతృప్తి చెందిన కొనుగోలుదారుడు ఒక్కడు కూడా లేడు. ఈ మాట చెప్పుకోగలిగిన సంస్థ దేశంలో ఎన్ని ఉన్నాయి?"

సెక్షన్ కొనసాగుతుందని తీర్మానించారు. ఇకపై ప్రతి నెలా ఇదే కొలతతో పరిశీలించాలని కూడా చేర్చారు. నిజం చెప్పినందుకు ఎవరూ ఏమీ అనలేదు సరికదా, చైర్మన్ గారు ఆమెకు ఒక శాలువా కప్పారు. సంతోషించాలో సిగ్గుపడాలో తెలియక ఆ శాలువా మడతపెట్టుకుని షెడ్డుకి వెళ్లింది హైమవతి.

జరిగిందంతా విని సింహాద్రి చాలాసేపు ఉలి అంచు వేలితో తడుముతూ కూర్చున్నాడు.

"అయితే అమ్మా, మంచాలు ఎవులూ కొనకపోతే మన పని నిలబడతాదన్నమాట."

"అవును మేస్త్రీ."

"మరెవులైనా కొంటే?"

హైమవతి మడతపెట్టిన శాలువాని ఒక మంచం మీద పడేసింది.

దసరా సెలవులయ్యాక ఆఫీసు తెరిచిన రోజునే ఆ ప్రశ్నకి జవాబు వచ్చింది. వెబ్‌సైటులో ఒక ఆర్డరు ఉంది. ఎలమంచిలి నుంచి, నీలవేణి. పక్కింటివాళ్ల నెట్టు పెట్టుకుని మొదట్నుంచి చివరిదాకా గంటంపావూ చూసిందట.

ఇంకో రోజయితే ఆ ఆర్డరు చూసి హైమవతి షెడ్డుకి స్వీట్లు పంచేది. ఆ రోజు మాత్రం కాగితం తీసుకుని లెక్క వేసింది. ఒక్క మంచం అమ్ముతారు. నీలవేణి మంచం అందుకోగానే ఏ వైపు లాగుతుంది? కాళ్లవైపు లాగుతుంది. గంటంపావు వీడియోలో విప్పడం లేదు కదా. మంచం బిగుసుకుంటుంది. తిరిగొస్తుంది. అమ్మింది ఒకటి, తిరిగొచ్చింది ఒకటి. నూటికి నూరు. షెడ్డుకి తాళం.

"పంపకపోతే?" అన్నాడు సింహాద్రి.

"ఆ మనిషి నడుం ఏమవుతుంది మేస్త్రీ?"

ఆయన తల దించుకున్నాడు. తన నోటి నుంచి ఆ మాట వచ్చినందుకు ఆయనకే బాధేసింది. లేచి వెళ్లి, ఉన్న మంచాల్లోకెల్లా మంచిది వెతికి, నవారు బిగించి, కొక్కేనికి నూనె రాశాడు. "పదండమ్మా. మనమే ఒట్టుకెళ్దాం" అన్నాడు.

ఆ మంచాన్నీ, ఒకవేళ అది చెడితే మార్చి ఇవ్వడానికని సింహాద్రి భయపడి తీసుకున్న ఇంకొకదాన్నీ బస్సు మీదికెక్కించి ఇద్దరూ ఎలమంచిలి వెళ్లారు. లారీ స్టాండు వెనక సందులో నీలవేణి ఇల్లు. గది నిజంగా చిన్నది. మొగుడు చాప మీద ఒక పక్కకి ఒత్తిగిలి, పళ్లు బిగబట్టి ఉన్నాడు. నీలవేణి ఇద్దరినీ ఆశ్చర్యంగా చూసింది.

"మంచానికి ఇద్దరు మనుషులొస్తారేటమ్మా? అందుకే కాబోలు మీ సైటులో అంతమందున్నారు."

మంచాన్ని గుమ్మంలోకి తెచ్చి నిలబెట్టారు. సింహాద్రి విప్పబోతుంటే హైమవతి ఆపింది. "మేస్త్రీ, మీరు కాదు. ఆమె విప్పాలి. ఇదిగో నీలవేణమ్మా, ఇటు తలవైపు. ముందు ఈ కాళ్లు నిలబెట్టు. ఇప్పుడు అటు లాగు."

టక్కుమంది.

"ఇంతేనా!" అంది నీలవేణి. నమ్మలేక మడిచి, మళ్లీ విప్పింది. మొగుడిని లేపి సింహాద్రీ తనూ చెరో రెక్కా పట్టుకుని పడుకోబెట్టారు. అతను నవారు మీద కాసేపు కదలకుండా ఉన్నాడు. సింహాద్రి ఊపిరి బిగబట్టి అతని ముఖమే చూస్తున్నాడు. అక్కడున్నది ఒక మొగుడి నడుమే కాదు, నూటికి నూరో నూటికి సున్నో కూడా. కాసేపటికి డ్రైవరు ముఖంలో బిగింపు సడలింది. ఇంకాసేపటికి గురక మొదలైంది. సింహాద్రి కళ్లు తుడుచుకున్నాడు.

ఆ గురకకి గుమ్మం దగ్గర సందులోవాళ్లు పోగయ్యారు. అద్దె గదుల్లో, ఇరుకిళ్లల్లో బతికేవాళ్లే అందరూ. ఇరుకుగా పరిచిన చాపల మీద రాత్రంతా ఒకరి కాళ్లు ఒకరికి తగిలేవాళ్లు. "మాకూ ఒకటి కావాల" అంది ఒకామె. "మాకు రెండు" అంది ఇంకొకామె.

"ఒద్దమ్మా!" అన్నాడు సింహాద్రి అప్రయత్నంగా. "ఇప్పుడే కొనకండమ్మా, మీకు దండం పెడతాను."

వాళ్లు బిత్తరపోయారు. హైమవతి కూడా. ఆరేళ్లుగా ఏ మాట కోసం ఎదురుచూసిందో ఆ మాట ఎదురుగా వచ్చి నిలబడితే, తన మేస్త్రి దండం పెట్టి దాన్ని వెనక్కి పంపేస్తున్నాడు. ఎక్కడికి వచ్చి పడ్డాం మనం అనిపించి ఆమెకు పట్టరాని కోపం వచ్చింది. ఎండీ గారి మీదా, నాయుడు గారి మీదా, పైకప్పు చూసే భైరవమూర్తి గారి మీదా కాదు. శాలువా కప్పించుకుని వచ్చిన తన మీదే.

"మేస్త్రీ, రండి" అంది. నిద్రపోతున్న మనిషిని లేపకుండా, సందులోనే అరుగు పక్కన చోటు చూసింది. బస్సు దింపి తెచ్చిన రెండో మంచం బయట గోడకి ఆనించి ఉంది. దాన్ని మధ్యకి లాక్కొచ్చి నిలబెట్టింది.

"ఎన్ని కావాలన్నా ఇస్తాం. ఆర్డరు కాగితం నేను రాసుకుంటాను. ఒకటే షరతు. కొనే ముందు ప్రతి ఒక్కరూ మీ చేత్తో ఒకసారి విప్పాలి, ఒకసారి మడవాలి. అప్పుడే ఇస్తాం."

"ఫోనులో ఆర్డర్లే ఒద్దన్నారు కదమ్మా, ఇలా సందులో..." అన్నాడు సింహాద్రి గొంతు తగ్గించి.

"అడిగితే నేను చెప్పుకుంటాను మేస్త్రీ."

ఆడవాళ్లూ మగవాళ్లూ మంచం చుట్టూ మూగారు. నేనంటే నేనని తోసుకుని, అంతలోనే మొహమాటపడి అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు.

"ఎవులు ముందమ్మా?" అని అడిగింది నీలవేణి.

హైమవతికి హోదాక్రమ నిబంధన గుర్తొచ్చింది. ఆ తర్వాత గట్టిగా నవ్వేసింది.

"దగ్గరున్నవాళ్లు" అంది.